ఉప్పు మానేసిన ఇల్లు

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు కింద హాల్లో ఆహారం గురించి ఒక మీటింగు పెట్టారు. గుంటూరులో ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే సంబరం. వచ్చిన అమ్మాయి చిన్నది, చలాకీగా ఉంది. గోడమీద బొమ్మలు వేసి చూపిస్తూ ఏం తింటే ఒంట్లో సత్తువ ఉంటుందో, ఏం తింటే మనసు ఒకచోట నిలుస్తుందో, ఏం తగ్గిస్తే కోపాలూ చిరాకులూ తగ్గుతాయో చక్కగా చెప్పింది. తెల్లవారకముందే లేవమంది, లేవగానే నీళ్ళు తాగమంది, మొలకెత్తిన పెసలు తినమంది, టీవీ చూస్తూ అన్నం తినొద్దంది, ఉప్పు తగ్గించమంది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. చివర్లో మాత్రం, ముందు వరసలో తెల్లజుట్టుతో కూర్చున్నది నేనొక్కదాన్నే కాబట్టి, నావైపు తిరిగి, "ఆంటీ, మీ చిన్నప్పుడు ఇంట్లో ఎలా తినేవాళ్ళో మీరు చెప్పండి. అప్పటివాళ్ళకి ఇన్నేసి కోపాలు ఉండేవి కాదు కదండీ" అంది. అందరూ నన్నే చూస్తున్నారు. "ఏదో తినేవాళ్ళంలేమ్మా" అని గొణిగి, మోకాళ్ళ నొప్పి వంక పెట్టి లేచి వచ్చేశాను. బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఊరందరి నోళ్ళకీ సమాధానం చెప్పినదాన్ని, ఆ చిన్నపిల్లకి చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ అమ్మాయి చెప్పినవన్నీ మా ఇంట్లో ఒక్కటి కూడా వదలకుండా చేసేవాళ్ళం. ఎందుకు చేసేవాళ్ళమో చెప్పాలంటేనే నాకు ఈనాటికీ సిగ్గు.

తెనాలిలో మేము అద్దెకున్న ఇల్లు కాలవకి దగ్గర. నాలుగు వాటాల ఇల్లు, మధ్యలో అందరికీ కలిపి ఒకటే పంపు. పొద్దున నాన్నలందరూ ఆఫీసులకి బయల్దేరే వేళకి మిగతా మూడు వాటాల్లోంచీ ఇంగువ పోపు వాసన, పులుసు మరిగే వాసన, ఎండుమిరపకాయలు వేగుతుంటే అందరూ తుమ్మే ఘాటు వచ్చేవి. మా వాటాలోంచి ఉడికిన సొరకాయ వాసన వచ్చేది. సొరకాయకి వాసనేమిటి అనేవాళ్ళు ఒక్కరోజు మా ఇంట్లో ఉండాల్సింది. అదొక తడిగుడ్డ వాసన. గోడలకి పట్టేసేది, నా పరికిణీలకి పట్టేసేది, చివరికి లెక్కల పుస్తకం తెరిచినా అదే వాసన. గుంటూరు జిల్లాలో పుట్టి, గోంగూర ముట్టకుండా, ఇంట్లో ఆవకాయ జాడీ లేకుండా బతికిన కుటుంబం మాదొక్కటేనని నా అనుమానం. వేసవి వచ్చిందంటే మిగతా మూడు వాటాలవాళ్ళూ వసారాల్లో మామిడికాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, కారాలు కలిపేవాళ్ళు. మేము తలుపులు వేసుకుని కూర్చునేవాళ్ళం, ఎవరో పోయిన ఇల్లులాగా.

నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఇంకా చీకటి ఉండగానే లేచి, రాత్రి రాగి చెంబులో పోసి ఉంచిన నీళ్ళు గటగటా తాగి, కాలవగట్టు మీద నడకకి వెళ్ళేవాడు. అందాకా బాగానే ఉంది. నడిచి వచ్చాక అసలు కథ మొదలయ్యేది. వసారాలో చాప మీద వెల్లకిలా పడుకుని, చొక్కా లేకుండా, పొట్టమీద తడిమట్టి పట్టీ వేసుకుని, కళ్ళు మూసుకునేవాడు. సరిగ్గా అప్పుడే నీళ్ళొచ్చేవి. వాటాల ఆడవాళ్ళందరూ బిందెలతో పంపు దగ్గర చేరేవాళ్ళు. "ఏం పిల్లా, మీ నాన్న పొట్టమీద ఏం నాటారే, వంగనారా?" అని ఎదురువాటా కామేశ్వరమ్మత్త నన్ను అడిగేది. ఆవిడకి చెడ్డ ఉద్దేశమేమీ లేదు, నవ్వుకోవడానికి అడిగేది. నేను బిందె సగం నిండగానే ఎత్తుకుని పరిగెత్తేదాన్ని. ఆ తర్వాత నాన్న పెరట్లో పెద్ద తొట్టిలో నీళ్ళు పోసుకుని నడుం మునిగేలా కూర్చునేవాడు. అదొక వైద్యం. ఆ తర్వాత మొలకెత్తిన పెసలు, కొబ్బరిముక్క, ఖర్జూరం. భోజనానికి కూర్చుంటే ముందు కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకునేవాళ్ళం. తింటున్నంతసేపూ మాట ఉండకూడదు. ముద్ద నోట్లో నీళ్ళయ్యేదాకా నమలాలి. మా అన్నాలు అయ్యేసరికి పక్కవాటాలో అంట్లు కూడా తోమేసేవాళ్ళు.

ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిపాయ, కాఫీ, టీ, నూనె ఇంట్లోకి రాకూడదు. ఉప్పు జాడీని నాన్న స్వయంగా తీసుకెళ్ళి కాలవలో వదిలేసి వచ్చాడు. "ఇవన్నీ రక్తాన్ని ఉడికిస్తాయి. వీటివల్లే మనిషికి కోపం. ఇవి మానితే బుద్ధి నిలుస్తుంది, పిల్లకి చదువొస్తుంది" అనేవాడు. నాకు చదువొచ్చిన మాట నిజమే, దాని కారణం వేరు. మధ్యాహ్నం బళ్ళో అందరూ గుండ్రంగా కూర్చుని కారియర్లు విప్పి ఒకళ్ళవి ఒకళ్ళు పంచుకునే వేళ, నేను పుస్తకం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. ఒకసారి మా క్లాసులో సుగుణ నా డబ్బాలో చెయ్యి పెట్టి ఒక బీన్సు ముక్క తిని, పైకి ఏమీ అనకుండా, తన ఆవకాయ అన్నంలోంచి ఇంత ముద్ద తీసి నా డబ్బా మూతలో పెట్టింది. తర్వాత మెల్లిగా, "మీ నాన్నకి ఏంటే జబ్బు?" అని అడిగింది. జాలిపడి అడిగింది. వెక్కిరించినా భరించేదాన్నేమో, ఆ జాలికి మాత్రం నేల చీలితే బావుండుననిపించింది.

నాన్న తనమటుకు తాను తిని ఊరుకుంటే కొంత నయం. ఎవరింటికి వెళ్ళినా, ఎవరు వచ్చినా ఉపన్యాసమే. పెళ్ళి భోజనాల్లో పక్కవాడి విస్తట్లో అప్పడం చూసి జాలిపడేవాడు. "ఉప్పు మీ నాలుకకి అలవాటు, అంతేనండి. కొన్నాళ్ళు మానేసి చూడండి. సొరకాయలో ప్రకృతి పెట్టిన ఉప్పు మీకే తెలుస్తుంది" అనేవాడు. వాళ్ళు తలలూపి, నాన్న అటు తిరగగానే నవ్వుకునేవాళ్ళు. అమ్మ మాత్రం ఏ రోజూ నవ్వలేదు, విసుక్కోలేదు. వాళ్ళు నవ్వినప్పుడల్లా నాన్న పక్కకి వచ్చి నిలబడేది. అదేమిటో నాకు ఒళ్ళు మండిపోయేది. నీకు పౌరుషం లేదా అని అడగాలనిపించేది. అడిగేంత దూరం వెళ్ళలేదు, ఎందుకంటే ఇదంతా ఎందుకు మొదలైందో నాకు తెలుసు. నేను చూశాను.

మా అమ్మమ్మగారిది రేపల్లె. పిన్ని సీమంతానికి వెళ్ళాం. నాకప్పుడు పావడా కట్టుకోవడం కొత్త. మగవాళ్ళ భోజనాల బంతి నడుస్తోంది. అమ్మ పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. నాన్నకి అప్పట్లో ముక్కుమీద కోపం, ఇంట్లో కంచాలు విసిరిన రోజులున్నాయి. ఆ వేళ ఆలస్యమైందనో ఏమో అప్పటికే చిరచిరలాడుతున్నాడు. పప్పు మళ్ళీ అడిగాడు. అమ్మ ఏదో ధ్యాసలో ఉండి, "ఇప్పుడే కదండీ వేశాను" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న లేచి నిలబడి, పప్పన్నం కలుపుకుంటున్న ఎంగిలి చేత్తో అమ్మ చెంప మీద కొట్టాడు. చప్పుడు కన్నా నాకు ఆ చెంప గుర్తుంది. పసుపు రంగు పప్పు, దానికి అంటుకున్న మెతుకులు. పుట్టింట్లో, తన అన్నదమ్ముల ముందు, ఎంగిలి చేత్తో. బంతిలో అందరూ విస్తళ్ళలోకి తలలు దించుకున్నారు. అమ్మ గిన్నె కింద పెట్టి, నూతి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని, మళ్ళీ వచ్చి మజ్జిగ వడ్డించింది.

ఆ తర్వాత పెద్దవాళ్ళందరూ కూర్చుని నాన్నకి ఒక దారి చూపించారు. "అల్లుడిగారికి పైత్యం చేసింది. రాత్రి కూడా నిద్ర లేదు పాపం. నిన్న ఆ కారప్పొడి పడినట్టు లేదు" అంది అమ్మమ్మ. ఇంకెవరో ఎండ అన్నారు, వేడి చేసిందన్నారు. నాన్న తల దించుకుని అవునన్నాడు. అమ్మ తమ్ముడు శేషు మామయ్య అప్పుడు కాలేజీ కుర్రాడు, గుమ్మం పట్టుకుని నాన్ననే చూస్తూ నిలబడ్డాడు. రేపల్లె పాసింజరులో తెనాలి బయల్దేరాం. భట్టిప్రోలు దాటాక నాన్న కిటికీలోంచి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, "నాకు కారం పడదు" అన్నాడు.

ఆ నెలలోనే ఎవరో చెబితే బాపట్ల వెళ్ళాడు. అక్కడ సూర్యలంక రోడ్డులో ఒక రిటైరైన మేష్టారు తోటలో పాకలు వేసి ప్రకృతి వైద్యం చేసేవాడు. అక్కడ కొన్నాళ్ళుండి చిక్కిపోయి, మెత్తబడి తిరిగొచ్చాడు. రాగానే ఉప్పు జాడీ తీసుకుని కాలవకి నడిచాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నుంచి నాన్న చెయ్యెత్తలేదు. గొంతెత్తడం కూడా తగ్గింది. అందుకని చప్పిడి కూర తినడమంటే మాకు ప్రాణం దక్కినట్టే. కామేశ్వరమ్మత్తకి గానీ సుగుణకి గానీ ఈ సంగతి చెప్పగలనా? మా నాన్న పిచ్చివాడు అనిపించుకోవడమే నయం.

ఒక రోహిణి కార్తెలో మళ్ళీ బాపట్ల మేష్టారి దగ్గరికి బయల్దేరిన నాన్న తెనాలి స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. ఎవరో రిక్షాలో తీసుకొచ్చారు. మా వీధి డాక్టరుగారు చూసి, సెలైను పెట్టి, "ఒంట్లో ఉప్పు లేదయ్యా. ఈ ఎండల్లో ఇదేం పని, చస్తావు" అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి వచ్చాక, "వాళ్ళ వైద్యం వాళ్ళది" అని మళ్ళీ సొరకాయ ఉడకబెట్టించాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలేశారు. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని, కందిపప్పు డబ్బా అడుగునుంచి ఒక గుడ్డమూట తీసి, రెండు కల్లుప్పు రాళ్ళు నీళ్ళలో కరిగించి ఆ నీళ్ళు ఉడుకుతున్న తోటకూరలో పోస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆగింది.

"ఎన్నాళ్ళనించీ?" అన్నాను.

"స్టేషన్లో పడిపోయిన దగ్గర్నుంచి. మొదట్లో ఒక్క పలుకు వేశాను. ఇప్పుడు కాస్త పెంచాను. తెలియడం లేదు ఆయనకి."

నేను తలుపు దగ్గరగా వేసి వచ్చాను. "మళ్ళీ కోపం వస్తే? మళ్ళీ కొడితే?"

అమ్మ మూట మళ్ళీ పప్పులో పూడ్చి, డబ్బా మూత బిగించింది. "మనిషి బతికుంటే కదా కోపం సంగతి. నువ్వు నోరు మెదపకు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనం నాకు పరీక్ష. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోగానే నా చూపు ఆయన మొహం మీదే. కనుబొమలు ముడుచుకుంటున్నాయా, చెవులు ఎర్రబడుతున్నాయా, ఆ కుడిచెయ్యి ఎటు కదులుతోంది. ఆఫీసులో ఎవరిమీదో విసుక్కుంటూ ఇంటికొస్తే, ఉప్పు ఎక్కుతోంది, ఇవాళ అమ్మ పని అయిపోయింది అనుకునేదాన్ని. నాన్న మాత్రం నిమ్మకాయ షర్బత్తు తాగినవాడిలా చల్లగా ఉండేవాడు. పైగా ఒకరోజు మౌనం కూడా మరిచిపోయి, "చూశావా రాజ్యం, నాలుక శుద్ధి అయింది. తోటకూరలో ఉప్పు తెలుస్తోంది నాకు. ప్రకృతి ఇచ్చిన ఉప్పు" అన్నాడు. అమ్మ కనురెప్ప కూడా కదపకుండా, "అవునండి" అంది. నేను నీళ్ళు తాగుతూ పొలమారి చచ్చాను. ఆ తర్వాత నాన్న ఊరందరికీ ఈ సంగతి సాక్ష్యంగా చెప్పడం మొదలుపెట్టాడు. తోటకూరలో ఉప్పు తనకి తెలుస్తోందని కనిపించినవాళ్ళందరికీ చెబుతుంటే, పక్కన నిలబడ్డ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇన్నాళ్ళూ ఆయన పిచ్చికి సిగ్గుపడ్డాను, ఇప్పుడు ఆయన అమాయకత్వానికి కూడా సిగ్గుపడాల్సి వచ్చింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. రేపల్లెకి అమ్మ తప్పనిసరైతే నన్ను తీసుకుని వెళ్ళి వచ్చేది, నాన్న వచ్చేవాడు కాదు. ఈలోగా శేషు మామయ్య నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు వేసి బాగా సంపాదించాడు. రేపల్లెలో మేడ కట్టాడు. గృహప్రవేశానికి స్వయంగా తెనాలి వచ్చి, శుభలేఖ చేతిలో పెట్టి, "బావగారూ, మీరు రాకపోతే ఒప్పుకోను" అన్నాడు. నాన్నకి కళ్ళనీళ్ళు వచ్చినంత పనయింది. అమ్మ వంట విడిగా తనే చేస్తానంటే, "నువ్వెందుకక్కా పొయ్యి దగ్గర, బావగారికి చప్పిడి పప్పు విడిగా తీయిస్తాను, నేనే వడ్డిస్తాను" అన్నాడు మామయ్య. బావామరుదులు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మావైపు మామూలే. కొత్తల్లుడి తమలపాకులో మిరపగింజలు పెట్టడం, కాఫీలో ఉప్పు వేయడం అందరూ చేసేదే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

కొత్త మేడలో మొదటి బంతి. మొదటి విస్తరి నాన్నది. నాన్న కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళు మూతులు బిగపట్టారు. మామయ్య గరిటెడు పప్పు వేసి, దానిమీద ధారగా నెయ్యి వేసి, పక్కన నిలబడ్డాడు. నాన్న ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆ పప్పులో పచ్చిమిరపకాయలు మెత్తగా నూరి, పిడికెడు ఉప్పు కలిపారు. నాన్న మొహం కందగడ్డలా అయింది. కళ్ళూ ముక్కూ కారిపోయాయి, దగ్గు తెర మీద తెర. బంతి అంతా గొల్లుమంది. పిల్లలు కూడా వచ్చి చూసి నవ్వారు. అక్కడితో ఆగినా అది మేలమాడటం కిందే పోయేది. మామయ్య ఆగలేదు. వంగి, నాన్న చెవి దగ్గర, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఏం బావగారూ, రక్తం ఉడుకుతోందా? అక్క అక్కడే ఉంది మరి, దగ్గరికి పిలవమంటారా?"

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ గోడ దగ్గర మజ్జిగ గిన్నెతో నిలబడి ఉంది. నాన్న లేచాడు. అదే చెయ్యి, పప్పు అంటుకున్న చెయ్యి. నాన్న అమ్మవైపు చూశాడు, మామయ్యవైపు చూశాడు. ఆ ఎంగిలి చేతిని రెండో చేత్తో మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని, దొంగని లాక్కెళ్ళినట్టు తన చేతిని తనే లాక్కుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అమ్మ వెనకే వెళ్ళింది. నేనూ వెళ్ళాను. నీళ్ళ తొట్టి దగ్గర నాన్న చతికిలబడి ఉన్నాడు. అమ్మ దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"దగ్గరికి రాకు రాజ్యం. పిల్లని కూడా తీసుకుని లోపలికి పో. నేను ఉప్పు తిన్నాను, కారం తిన్నాను. ఇప్పుడు నేనేం చేస్తానో నాకే తెలీదు. సాయంత్రం బండికి వెళ్ళిపోతాను, మళ్ళీ బాపట్ల వెళ్ళి కొన్నాళ్ళుండి వస్తాను."

అమ్మ చెంబుతో నీళ్ళు ముంచి ఆయన చేతిమీద పోసింది. "మీరు ఉప్పు ఇవాళ కొత్తగా తినలేదండి" అంది.

నాన్న తలెత్తాడు.

"స్టేషన్లో పడిపోయిన దగ్గర్నుంచి రోజూ వేస్తున్నాను. తోటకూరలో వేశాను, పప్పులో వేశాను, మజ్జిగలో వేశాను. నాలుకకి తెలిసింది ప్రకృతి ఉప్పు కాదు, నేను వేసిన ఉప్పే. రోజూ తింటూనే ఉన్నారు. ఏ రోజైనా నామీద చెయ్యెత్తారా? ఎత్తలేదు కదా. భయపడకండి. లేవండి, మొహం కడుక్కోండి."

ఆవిడ ధైర్యం చెప్పాలనే చెప్పింది. నాన్న ఆ నీళ్ళు కారుతున్న చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. మోసం చేశావని కేకలు వేస్తాడనుకున్నాను. ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పిన ఉపన్యాసాలు తలుచుకుంటున్నాడేమో అనుకున్నాను. అవేమీ కాదు. చివరికి మెల్లిగా అన్నాడు.

"అయితే అప్పుడు నిన్ను కొట్టింది నేనేనన్నమాట."

అమ్మ చెంబు పక్కన పెట్టింది. "మీరేనండి" అంది.

ఇక్కడ కాసేపు ఆగకపోతే నాకు ఊపిరాడదు. నాన్న పద్ధతుల్లో చాలా మంచివి ఉన్నాయి. డెబ్భై దాటాక కూడా నిటారుగా నడిచాడు. నేనిప్పటికీ పెసలు నానబోస్తాను, చీకటితో లేస్తాను, లేచిన రోజున పని చురుగ్గా సాగుతుంది, లేవని రోజున మనిషిని మనిషిలా ఉండను. తిండికీ నిద్రకీ మనసుకీ సంబంధం లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ అప్పుడు పైత్యం అనేవాళ్ళు, వేడి చేసింది అనేవాళ్ళు, కారం పడలేదు అనేవాళ్ళు. ఇప్పుడు మా అబ్బాయి వాడి భార్య మీద అరిచి, నిద్ర చాలడం లేదంటాడు. మా కోడలు పిల్లాడి వీపు మీద ఒక్కటేసి, "పొద్దుట్నుంచి ఏమీ తినలేదత్తయ్యా, అందుకే" అంటుంది. మా ఆయనకి బీపీ. నాకు షుగరు ఉండనే ఉంది, నా నోటిదురుసుకి అదే రక్ష. ఇవేవీ అబద్ధాలు కాదు. కానీ ఆ రోజు రేపల్లె పెరట్లో నాన్న అన్నంత సూటిగా "కొట్టింది నేను" అని మా ఇంట్లో ఇంకొకళ్ళు అనగా ఈ వయసుదాకా నేను వినలేదు. సిగ్గు అంటే నాకు తెలిసింది పదిమంది నవ్వితే వచ్చే సిగ్గు. డబ్బాలో బీన్సు ముక్కకి, పొట్టమీద మట్టికి పడ్డ సిగ్గు. నాన్న ఆ పూట పడింది ఆ రకం కాదు, దాన్ని చూస్తే నాకు భయం వేసింది.

నాన్న మొహం కడుక్కుని, చెయ్యి రుద్ది రుద్ది కడుక్కుని, పంచె సర్దుకుని లోపలికి వెళ్ళాడు. బంతి ఇంకా లేవలేదు. ఎవరూ తినడం లేదు. మామయ్య చేసింది ఎక్కువైందని అప్పటికే అందరికీ తెలుసు, మామయ్యకి కూడా తెలుసు. "బావగారూ, ఏదో సరదాకి..." అని ఎదురొచ్చాడు. నాన్న తన విస్తరి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, కూర్చోలేదు. మామూలుగా ఉపన్యాసం ఇచ్చే గొంతు కాదది, నాకు కొత్త గొంతు.

"శేషూ, నువ్వన్నదాంట్లో తప్పులేదు. పోయినసారి ఇలాంటి బంతిలోనే మీ అక్కని నేను కొట్టాను. ఎంగిలి చేత్తో కొట్టాను. పైత్యం అన్నారు, నేను సరే అన్నాను. కారం మీద పెట్టాను, ఉప్పు మీద పెట్టాను. ఉప్పు మానేస్తే అయిపోతుందనుకుని ఊరందరికీ నీతులు చెప్పి తిరిగాను. అదేమీ కాదు. నేనే కొట్టాను. ఆవిడది తప్పేమీ లేదు."

ఇల్లంతా చుట్టాలు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు. నేను స్తంభం చాటుకి వెళ్ళిపోయాను. కొట్టిన రోజున కూడా నాకు అంత సిగ్గు వెయ్యలేదు. ఎవరో ఒకరు ఈయన నోరు ముయ్యండి అనిపించింది. అమ్మమ్మకీ అదే అనిపించినట్టుంది, కర్ర పట్టుకుని లేచి, మెల్లిగా నాన్న దగ్గరికి వచ్చింది.

"అయిపోయిందేదో అయిపోయింది నాయనా. ఎప్పటి మాటో. ఇప్పుడు ఇంతమందిలో ఎందుకు అదంతా?"

"ఇంతమందిలోనే కదా కొట్టాను, అత్తయ్యగారూ" అన్నాడు నాన్న.

అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. ఆనాడు నూతి దగ్గర మొహం కడుక్కుని వచ్చి వడ్డన చేసిన మనిషి, ఇన్నేళ్ళూ ఎవరేం నవ్వినా చలించని మనిషి, అందరూ చూస్తుండగా కొత్త సున్నం గోడకి ఆనుకుని కిందకి జారి, కొంగు అడ్డం పెట్టుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది.